నీళ్ళు కారుతున్నాయి

తన చేతి పనికి వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదని అద్దాల మేస్త్రి నమ్మకం. నమ్మితే నమ్మాడు, ఎవరికి నష్టం? పైగా అది ఉత్త గొప్ప కూడా కాదు. పన్నెండేళ్ళుగా దుకాణాలకీ ఆఫీసులకీ పెద్దవాళ్ళ స్నానాల గదులకీ అద్దాలు బిగిస్తున్నాడు. గాజు పలక మీద ఒక్క గీత గీసి కిందనుంచి వేలితో టక్కున కొడితే సరిగ్గా గీసినచోటే విరిగేది. కాకపోతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఎదుటివాళ్ళు సగం మాట అనగానే మిగతా సగం తనకి తెలిసిపోయినట్టే తలాడించేవాడు. దేవుడు రెండు చెవులిచ్చింది కళ్ళజోడు తగిలించుకోవడానికే అనుకున్నాడేమో మహానుభావుడు.

ఊరంతా మేస్త్రీ అంటారు కాబట్టి పెళ్ళాం కూడా మేస్త్రీ అనే పిలిచేది. మొదట వేళాకోళానికి అంది, తర్వాత అదే ఖాయమైపోయింది. ఆమెకి రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ నాలుగో నెలలోనే, నొప్పితో మొదలై రక్తంతో అయిపోయింది. మూడోసారి నీళ్ళోసుకున్నప్పుడు డాక్టరమ్మ కచ్చితంగా చెప్పేసింది. అత్యవసరమైతే తప్ప మంచం దిగొద్దు. నొప్పి వచ్చినా, రక్తం కనబడినా చేతిలో పని చేతిలో వదిలేసి రావాలి. ఆ రెండు మాటలూ ఆమె బట్టీ పట్టింది.

"ఇది కూడా నిలవకపోతే ఇంక నావల్ల కాదు మేస్త్రీ" అంది ఒక సాయంత్రం, గోడవైపు తిరిగి. మేస్త్రి ఛాతీ విరుచుకుని, "నా చేతి పని. ఊరికే పోతుందా" అన్నాడు. ఆమె గోడవైపునుంచి తిరక్కుండానే నవ్వింది. ఆ మోటు హాస్యం ఆ ఇంట్లో మందులాగా పనిచేసేది. డాక్టరమ్మ స్కాను తీసి బిడ్డ బాగుందన్నప్పుడల్లా అతను అదే మాట అనేవాడు, ఆమె అదే నవ్వు నవ్వేది.

పొద్దస్తమానం పడుకుని పైకప్పు చూస్తుంటే మనిషికి పిచ్చెక్కదూ? అందుకని మేస్త్రి ఒక చేపల తొట్టి చేశాడు. కొనలేదు, చేశాడు. మిగిలిన గాజు పలకలు ఐదు ఏరి, అంచులు నున్నగా రుద్ది, సిలికాన్ పెట్టి అతికించాడు. మంచానికి ఎదురుగా, పడుకున్న మనిషి కళ్ళకి సరిగ్గా ఆనేటట్టు బల్ల మీద పెట్టాడు. సిలికాన్ రెండు రోజులైనా ఆరాలని కొత్తగా పనిలో చేరినవాళ్ళకి తనే పాఠం చెప్తాడు. తన ఇంటి దగ్గరకొచ్చేసరికి ఒక్క పూట కూడా ఆగలేకపోయాడు.

మూడోరోజు పనిలో ఉండగా ఫోను మోగింది.

"మేస్త్రీ, నీళ్ళు కారుతున్నాయి."

"ఎక్కడ్నుంచి?"

"కిందనుంచి. నేల తడిసిపోయింది."

"గుడ్డ పెట్టు. నువ్వు లేవకు. సాయంత్రం వచ్చి చూస్తా."

అలా మొదలైంది ఆ మాట. వచ్చి, నీళ్ళు తోడేసి, అడుగు అతుకు గీకి మళ్ళీ సిలికాన్ పెట్టాడు. రెండు వారాలు బాగానే ఉంది. మళ్ళీ కారింది. మళ్ళీ అదే ఫోను, అదే గుడ్డ. మూడోసారి కూడా కారిందంటే నమ్ముతారా? మేస్త్రి అక్క పకపకా నవ్వింది. "ఊరందరి కిటికీలూ బిగిస్తావు, సొంత ఇంట్లో గిన్నెడు నీళ్ళు నిలబెట్టలేకపోయావట్రా" అంది. ఆవిడ ఒక బళ్ళో ఆయా. పొద్దున్నే వచ్చి వంట చేసి, మరదలికి పక్కనే అన్నీ అమర్చి, బడికి వెళ్ళి సాయంత్రం వచ్చేది. మేస్త్రి మొహం మాడ్చుకున్నాడు. ఆ మాట అక్క మర్చిపోయిందిగానీ అతను మర్చిపోలేదు.

చేపలు అమ్మే ఆయన గప్పీలనే చిన్న రకం పట్టుకెళ్ళమన్నాడు. కొత్తవాళ్ళకి ఇవే మంచివన్నాడు. "గుడ్లు పెట్టవు బాబూ, నేరుగా పిల్లల్నే కంటాయి. మీకే తెలుస్తుంది చూడండి, ఆడదాని పొట్ట కింద, తోక మొదట్లో ఒక నల్ల మచ్చ ఉంటుంది. అది ముదిరిందంటే రేపో మాపో." నేరుగా పిల్లల్ని కంటాయనగానే మేస్త్రికి ఇంకేమీ వినబడలేదు. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలనీ, లేకపోతే మగవన్నీ కలిసి ఆడదాన్ని ఊపిరి తీసుకోనివ్వవనీ ఆయన చెప్తూనే ఉన్నాడు. మేస్త్రి తలాడిస్తూనే రంగులున్న మగవి నాలుగు ఏరుకున్నాడు. ఒకటి తోకంతా నారింజ, ఒకటి నీలం మీద నల్ల చుక్కలు, రెండు పసుపు. ఆడది మాత్రం ఒక్కటే. బూడిదరంగులో, నిండు పొట్టతో, అందమూ చందమూ లేకుండా ఉంది.

మంచం మీది మనిషికి నచ్చింది ఆ ఒక్కటే. దానికి బొద్దమ్మ అని పేరు పెట్టింది. మగవి నాలుగూ తోకలు ఊపుకుంటూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా బొద్దమ్మ వెంటపడేవి. అది మూల నుంచి మూలకి పరుగు. "చూడు మేస్త్రీ, పాపం దానికి పడుకోను కూడా తీరడం లేదు. దానికి ఏ డాక్టరమ్మా చెప్పలేదు" అనేది. రోజురోజుకీ ఆ నల్ల మచ్చ ముదురుతోంది. ఆమె తన నెలలతోపాటు దాని రోజులూ లెక్కపెట్టసాగింది. అది మేస్త్రి అక్కకి ససేమిరా నచ్చలేదు.

"కడుపుతో ఉన్న మనిషి ఎదురుగా ఇదేం సరదారా? దానికేమన్నా అయితే ఈ పిల్ల తట్టుకుంటుందా?" అని వంటింట్లో గొంతు తగ్గించి అడిగింది.

"చేపకేమవుతుంది అక్కా" అన్నాడు మేస్త్రి. అన్నాడేగానీ, ఆ రోజునుంచి పనికి వెళ్ళేముందు బొద్దమ్మ కదులుతోందో లేదో చూడకుండా గడప దాటలేదు.

ఆరో నెలలో ఒక రోజు పదిన్నరకి బొద్దమ్మ కన్నది. ఇంట్లో మంచం మీది మనిషి తప్ప ఎవరూ లేరు. మొదట ఒక నలకంత పిల్ల కిందికి రాలి, వంకర విప్పుకుని, పైకి ఈదింది. తర్వాత ఇంకొకటి. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ పోయింది. పంతొమ్మిది. ఆనందం పట్టలేక మేస్త్రికి ఫోను చేద్దామని ఇటు తిరిగి, ఫోను అందుకుని మళ్ళీ అటు చూసేసరికి పదిహేడే ఉన్నాయి. బొద్దమ్మ మెల్లగా వెనక్కి తిరిగి, తన వెనకాలే ఈదుతున్న పిల్లని నోట్లోకి లాక్కుంది. మగవి కూడా వచ్చి చేరాయి. లేవడానికి లేదు. మంచానికీ తొట్టికీ మధ్య నాలుగడుగులు. ఒక్క గిన్నెతో తోడి పక్కన పోస్తే చాలు. కాలు కింద పెట్టబోయి, పొట్ట పట్టుకుని, మళ్ళీ వెనక్కి వాలిపోయింది. అలా పడుకునే వెనక్కి లెక్కపెట్టింది. పన్నెండు. తొమ్మిది. ఆరు.

సాయంత్రానికి నాలుగు మిగిలాయి, నీళ్ళు తోడే గొట్టం వెనక దాక్కుని. మేస్త్రి వాటిని వేరే సీసాలోకి మార్చాడు. చేపలాయన చెప్పలేదని తిట్టుకున్నాడుగానీ, ఆయన నాచు వెయ్యమనీ, పిల్లలు దాక్కోవడానికి చోటు ఉండాలనీ చెప్పే ఉంటాడని లోపల తెలుసు. అక్క మాత్రం ఆ తొట్టిని ఆ క్షణమే వీధిలో పెట్టమంది.

"వద్దు వదినా" అంది మరదలు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "దానికి తెలీదు. తన పిల్లలని తెలిస్తే తింటుందా."

ఆ తర్వాత ఆ ఇంట్లో నవ్వు తగ్గింది. బయటికి ఎవరూ అనలేదుగానీ ముగ్గురికీ ఒకటే భయం పట్టుకుంది. అక్క వచ్చీరాగానే మరదలి మొహం వంక చూసేది, తర్వాతే చెప్పులు విప్పేది. మరదలు బొద్దమ్మవైపు చూడ్డం మానేసి సీసాలో పిల్లల్నే చూసేది. మేస్త్రికి పనిలో ఫోను మోగితే గుండె దడదడలాడేది. ఎత్తి, నీళ్ళు కారుతున్నాయన్న మాట వినగానే హమ్మయ్య అనుకునేవాడు. నొప్పి కాదు, రక్తం కాదు, నీళ్ళే కదా.

ఆరో నెల గడిచింది. ఏడు నిండటానికి ఇంకా ఇరవై రోజులు. డాక్టరమ్మ మొదటిసారి నవ్వుతూ మాట్లాడింది. మేస్త్రి కూడా కొంచెం తేరుకున్నాడు. తొట్టిని బోర్లించి, అతుకులన్నీ గీకేసి, ఈసారి మూడురోజులు ఆరబెట్టి మళ్ళీ పెట్టాడు. ఇంక కారితే నా పేరు మార్చుకుంటానన్నాడు అక్కతో.

ఆ తర్వాత వారంలోనే పెద్ద పని తగిలింది. ఒక నగల దుకాణానికి ముందువైపు అద్దాలు. ఒక్కో పలకా మనిషికి రెట్టింపు ఎత్తు. పరంజా మీద ముగ్గురు, కింద ముగ్గురు. అద్దానికి అతుక్కునే రబ్బరు పిడులు పట్టుకుని పలకని అంగుళం అంగుళం జరుపుతున్నారు. పక్కన ఎవరో గోడకి డ్రిల్లుతో తూట్లు పొడుస్తున్నారు. పళ్ళు జిల్లుమంటున్నాయి. సరిగ్గా అప్పుడు మేస్త్రి జేబులో ఫోను మోగింది. పలక నిలబడ్డాక చూస్తే ఇంటినుంచి. మళ్ళీ మోగింది.

"మేస్త్రీ, నీళ్ళు కారుతున్నాయి."

అంతే, మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. మూడురోజులు ఆరబెట్టాడే. అక్క మొహం కళ్ళముందు కనబడింది.

"ఎప్పట్నుంచి?"

"ఇందాక స్నానం చేసొచ్చినప్పట్నుంచి. కొంచెం కొంచెంగా."

"కిందనుంచేనా?"

"కిందనుంచి కాక ఇంకెక్కడ్నుంచి మేస్త్రీ?"

"గుడ్డ పెట్టావా?"

"పెట్టాను. తడిసిపోతే ఇంకోటి మార్చాను." తర్వాత ఆమె ఇంకేదో అంది. డ్రిల్లు మోతలో కలిసిపోయింది. చివర ఒక్క ముక్క వినబడింది. "…ఫోన్ చేసి అడగనా?"

చేపలాయన్ని అడుగుతానంటోంది అనుకున్నాడు. తన పని గురించి చేపలమ్ముకునేవాణ్ణి అడగడమా?

"ఎవర్నీ అడగక్కర్లేదు. నేను చేసిందేగా, నాకు తెలీదా?" అన్నాడు.

అటునుంచి నవ్వు వినబడింది. చాలా రోజుల తర్వాత విన్న నవ్వు. మేస్త్రికి ఎందుకో మనసు తేలికపడింది.

"కంగారు పడకు. కదలకుండా పడుకో. సాయంత్రం నేనొచ్చి చూస్తా" అన్నాడు, ఈసారి కొంచెం మెత్తగా.

"సరే" అంది. ఫోను పెట్టేసింది.

అప్పుడు టైము పదింబావు. మేస్త్రి పూర్తిగా ఏడు పలకలు బిగించాడు. ఒక్కదానికీ గీత పడలేదు. దుకాణం వాళ్ళు టీ ఇచ్చారు, మెచ్చుకున్నారు. వస్తూ వస్తూ దారిలో ఆగి, ఇంతకుముందు వాడినదానికన్నా మంచి రకం సిలికాన్ గొట్టం ఒకటి కొన్నాడు. ఇంట్లో అడుగుపెట్టేసరికి అయిదున్నర. అక్క ఇంకా రాలేదు.

ఆమె పడుకునే ఉంది, కళ్ళు మూసుకుని. నిద్ర చెడగొట్టడం ఎందుకని మేస్త్రి చప్పుడు చెయ్యకుండా తొట్టి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. బల్ల కింద తడుముకున్నాడు. పొడిగా ఉంది. అడుగు అతుకు వెంబడి వేలు పోనిచ్చాడు. పొడి. నీళ్ళు పై అంచు దాకా, తను పోసినన్నీ ఉన్నాయి. చుక్క కారలేదు. మేస్త్రి పెదవుల మీదికి ఒక నవ్వు రాబోయింది. పక్కకి తిరిగి చూశాడు.

మంచం పక్కన బకెట్టు ఉంది. బకెట్టులో మడతలు మడతలుగా తడి గుడ్డలు. వాటికి తొట్టి నీళ్ళ వాసన లేదు. ఆమె మొహం కందగడ్డలా ఎర్రగా ఉంది. నుదుటి మీద చెయ్యి వేస్తే చుర్రుమంది.

పొద్దున ఫోనులో విన్న ప్రతి మాటా మేస్త్రికి మళ్ళీ వినబడింది, ఈసారి డ్రిల్లు మోత లేకుండా. చేతిలో సిలికాన్ గొట్టాన్ని ఎక్కడ పెట్టాలో తోచక చొక్కా లోపల దోపుకున్నాడు.

ఆమె కళ్ళు తెరిచింది. "వచ్చావా. ఇప్పుడు వణుకు కూడా వస్తోంది మేస్త్రీ" అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గుడ్డలు చూసింది, జ్వరం చూసింది, పొట్ట మీద మిషను పెట్టి విన్నది. "ఉమ్మనీరు పోతోంది. ఎప్పట్నుంచి?" అని అడిగింది.

"పొద్దున పదినుంచండీ" అన్నాడు మేస్త్రి.

"పది నుంచా? ఇంతసేపూ ఏం చేస్తున్నారు?"

మంచం మీంచి ఆమే చెప్పింది, పళ్ళు కొట్టుకుంటుంటే మధ్యమధ్యలో ఆగుతూ. "నొప్పి లేదండీ, రక్తం లేదండీ. మీకు ఫోన్ చెయ్యనా అని కూడా అడిగాను. ఆయన కంగారు పడొద్దు, పడుకోమన్నారు."

డాక్టరమ్మ తలెత్తి మేస్త్రి వంక చూసింది. "మీరేం పని చేస్తారు?"

"అద్దాలు బిగిస్తానండీ."

ఆవిడ అటు తిరిగి నర్సుల్ని పిలిచింది. నాలుగు మాటలు తిట్టినా బాగుండేదనిపించింది మేస్త్రికి. నర్సులు మంచాన్ని తోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళారు.

ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువే అయినా, ఆ నెలకి పుట్టిన పిల్లలు బతుకుతున్నారనీ, చాలామందిని బతికించామనీ చెప్పారు. ఈ పిల్లకి మాత్రం నీళ్ళు పోయాక పట్టిన ఇన్ఫెక్షన్ తల్లినుంచి ఎక్కిందన్నారు. ఒక పగలంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా ఊపిరి తీసుకుంది, అంతే. వేళ్ళకి గోళ్ళు కూడా ఉన్నాయి. మేస్త్రి కిటికీ అవతలనుంచి చూశాడు. ఊపిరి ఆగాక చేతుల్లోకి ఇచ్చారు.

పది రోజులకి ఆమెని ఇంటికి పంపారు. అక్క బడికి సెలవు పెట్టి వచ్చి కూర్చుంది. వచ్చినవాళ్ళందరికీ తొట్టి చూపించి, "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. కన్నపిల్లల్ని తినే జాతిని తెచ్చి కడుపుతో ఉన్నదాని ఎదురుగా పెట్టాడు. ఆ దరిద్రం ఊరికే పోతుందా" అనేది. వచ్చినవాళ్ళు అవునవునన్నారు. మేస్త్రి గుమ్మం దగ్గర నిలబడి అన్నీ విన్నాడు. తలాడించలేదుగానీ కాదని కూడా అనలేదు. పాపం చేపలకి నోరు లేదు. ఉంటే ఏమనేవో.

ఒక మధ్యాహ్నం అక్క మళ్ళీ అదే మాట ఎత్తుకుంది. ఆ తొట్టి ఇవాళే బయటపెట్టమంది. మేస్త్రి సరేనని, బొద్దమ్మని తోడడానికి గిన్నె తెచ్చాడు.

"వదినా, చేపలేం చేశాయి" అంది మంచం మీంచి ఆమె. "ఎవరేం చేశారు చెప్పు. మా మేస్త్రి కూడా చెయ్యగలిగిందంతా చేశాడు. ఆ రోజు ఫోనులో నాకెంత ధైర్యం చెప్పాడో నీకు తెలీదు. ఆ మనిషి కంగారు పడుంటే నేను అక్కడే భయంతో చచ్చేదాన్ని. నన్ను నవ్వించాడు కూడా."

అక్క కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మేస్త్రి చేతిలో గిన్నె చేతిలోనే ఉంది. ఇలాగే ఉండిపోతే ఎవరికీ తెలీదు. ఆమె బతికినంతకాలం ఇలాగే అనుకుంటుంది, ఇలాగే నలుగురికీ చెప్తుంది. చెప్పిన ప్రతిసారీ తను పక్కన నిలబడి వినాలి. అది తనవల్ల కాదని తెలిసిపోయింది. అలాగని చెప్పడం మాత్రం చేతనవుతుందా? గిన్నె కింద పెట్టి, వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"ఒక్కటి అడుగుతాను, చెప్తావా" అంది ఆమె, అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని. "నాకు లోపల గుండె జారిపోతోంది, పైకి చెప్పలేదు. నువ్వెలా అంత నిబ్బరంగా ఉన్నావు మేస్త్రీ? నీకు కొంచెం కూడా భయమెయ్యలేదా?"

"నేను తొట్టి అనుకున్నాను" అన్నాడు మేస్త్రి.

"ఏ తొట్టి?" అంది ఆమె.

మేస్త్రి ఆమె చేతిలోంచి తన చెయ్యి తీసేసుకున్నాడు. ఫోను వచ్చేసరికి తను పరంజా మీద ఉన్నాననీ, పక్కన డ్రిల్లు మోగుతోందనీ మొదలుపెట్టి చెప్పాడు.